రెండు పచ్చలు

తాళాల గుత్తిని గుమ్మం పక్కనే ఉన్న కుట్టుమిషను బల్ల మీద పెట్టి, రొయ్యల చెరువులకు మేత వేసే పెద్దాయన అక్కడే నిలబడిపోయాడు. లోపలికి రాడు, బయటికి పోడు. తలగుడ్డ విప్పి రెండు చేతులతో నలుపుతున్నాడు.

"మేతగది తాళాలమ్మా. బాబుకి ఇచ్చేయండి," అన్నాడు.

టైలరమ్మ పాదం తొక్కుడు పలక మీద ఆగిపోయింది. సూది సగం కుట్టులో గుడ్డలో దిగబడి ఉంది.

"ఇదేంటి పెద్దాయనా? మధ్యాహ్నం మేత వెయ్యాల్సిన వేళకి తాళాలు ఇచ్చేస్తానంటారు?"

"వెయ్యొద్దన్నారమ్మా. ఇక ఎప్పుడూ వెయ్యొద్దన్నారు."

పెరట్లో ట్రాక్టరు తొట్టిలోకి సున్నం బస్తాలు ఎక్కుతున్నాయి. ఎక్కిస్తున్న కూలీల పక్కన నిలబడిన ఆమె భర్త ఇటు తిరగకుండానే జవాబు చెప్పాడు. అతని జుట్టు మీదంతా తెల్లటి దుమ్ము.

"నేనేం కొట్టానా, తిట్టానా? కొలత తప్పుతున్నావన్నాను. మేత ఎక్కువ పడకపోతే మూడో చెరువులో రొయ్య పట్టపగలు గట్టు వెంట ఎందుకు తిరుగుతుంది? నీళ్లలో లోపం లేదు. ఇప్పుడే మళ్లీ చూశాను. పుస్తకంలో రాసి ఉంది."

"పదిహేనేళ్లుగా అదే డబ్బాతో కొలుస్తున్నాను బాబూ. డబ్బా మారలేదు. చెయ్యీ మారలేదు."

"అయితే రొయ్య అబద్ధం చెబుతోందంటావా?"

పెద్దాయన తలగుడ్డ చుట్టుకుని, టైలరమ్మకు తలవంచి, మెట్లు దిగి వెళ్లిపోయాడు. ఆమె వద్దనేలోపే గేటు దాటాడు.

ఇల్లు ఇలా తయారై ఇవాళ్టికి ఇరవై రెండు రోజులు. భర్త అక్క, అంటే తన వదిన, ఇల్లు వదిలి వెళ్లిన రోజునుంచి లెక్క. ఆ రోజు జరిగింది టైలరమ్మ ఎంత మరిచిపోదామన్నా మరుపుకు రాదు. పొద్దున్నే అక్కాతమ్ముళ్లు వెనక వరండాలో గాజుగొట్టాల ముందు తలలు దగ్గర పెట్టుకుని గుసగుసలాడుకోవడం, తాను టీ పట్టుకుని వెళ్లగానే ఆ మాటలు ఆగిపోవడం ఎనిమిదేళ్లుగా చూస్తూ వచ్చింది. తన ఇంట్లో తానే పరాయిదాన్నని లోపల్లోపల కుమిలిపోయింది. ఆఖరికి ఆ రోజు నోరు జారింది. "మీ అక్క లేకపోతే మీకు నీళ్లు కూడా తెలియవా?" అని భర్తను అడిగింది, ఆడపడుచు వింటుండగానే.

వదిన బట్టలు సర్దుకుని, గంట ప్రయాణం దూరంలో రొయ్యపిల్లల్ని పొదిగించే హేచరీలో నీళ్లు పరీక్ష చేసే పనికి వెళ్లిపోయింది. అతను ఆపలేదు. "నేను చూసుకోగలను," అన్నాడు, అంతే.

భోజనానికి కూర్చుని రెండు ముద్దలు తిని కంచం నెట్టేశాడు.

"పెద్దాయన్ని పంపేశారు. రేపటినుంచి మేత ఎవరు వేస్తారు?" అంది టైలరమ్మ.

"నేనే వేస్తాను."

"అన్నీ మీరే. నీళ్లు మీరే, మేతా మీరే, సున్నమూ మీరే. మనిషన్నాక ఎవరినో ఒకరిని నమ్మాలి కదా."

"నువ్వేనా ఆ మాట చెప్పేది?" అన్నాడు అతను. అనేసి, అన్నందుకు తానే నొచ్చుకున్నట్టు చెయ్యి కడుక్కోవడానికి లేచాడు. "రెండింటికల్లా సున్నం పడాలి. రొయ్యల పెంకులు మెత్తబడ్డాయి, సున్నం చల్లితేనే గట్టిపడతాయి."

ఆమె కంచం తీసుకుని వెనక వరండాలోకి వెళ్లింది. కడుగుదామని వంగబోయి ఆగిపోయింది. ఎదురుగా రాతిపలక మీద, చెక్కస్టాండులో, ఇందాక భర్త పరీక్ష చేసిన గాజుగొట్టం నిలబడి ఉంది.

ఆ పలక వదిన రాజ్యం. వదిన ఉన్నన్నాళ్లూ టైలరమ్మ అటు కన్నెత్తి చూడలేదు. అయినా ఆ పరీక్ష సంగతి ఇంట్లో ఉన్నవాళ్లందరికీ తెలుసు. చెరువు నీళ్లు గొట్టంలో పోసి మందుచుక్కలు వేస్తే రంగు తిరుగుతుంది. గోడకు అంటించిన అట్టమీద రంగుల గడులు ఉన్నాయి. పసుపుపచ్చ దగ్గర ఉంటే నీళ్లు మంచివి. ఆకుపచ్చలోకి దిగిన కొద్దీ నీళ్లలో అమోనియా పెరుగుతోందని, అంటే మిగిలిన మేతా రొయ్యల మలమూ కుళ్లి విషమవుతున్నాయని అర్థం.

గొట్టంలో నీళ్లు ఆకుపచ్చగా ఉన్నాయి.

ఆమెది దారాలకు జత చూసి చూసి పదునెక్కిన చూపు. గొట్టాన్ని తీసి అట్ట పక్కన పెట్టింది. మొదటి గడి కాదు, రెండోదీ కాదు. అయిదో గడి.

తాడుకు వేలాడుతున్న పుస్తకం తెరిచింది. భర్త చేతిరాత. "పచ్చ. బాగుంది." పై వరసలో అదే. దానిపైన అదే. ఇరవై రెండు రోజులూ అదే మాట.

"ఏమండీ, ఒకసారి ఇటు రండి."

అతను తువ్వాలుతో చేతులు తుడుచుకుంటూ వచ్చాడు.

"ఇక్కడ పచ్చ అని రాశారు. ఏ పచ్చ?"

"ఏ పచ్చేమిటి? పచ్చ."

"పసుపుపచ్చా, ఆకుపచ్చా?"

"కనిపిస్తూనే ఉంది కదా."

"నాకు కనిపిస్తోంది. మీకేం కనిపిస్తోందని అడుగుతున్నాను."

అతను తువ్వాలు ఒక భుజం మీదినుంచి తీసి ఇంకో భుజం మీద వేసుకున్నాడు.

అప్పుడు టైలరమ్మకు ఒకదాని వెంట ఒకటి గుర్తుకొచ్చాయి. గుడ్డముక్క చేతికిచ్చి సరిపోయే దారం తెమ్మంటే, ఎనిమిదేళ్లలో ఒక్కసారి సరైన రీలు తెచ్చిన పాపాన పోలేదు. "మనసెక్కడ పెట్టుకుని కొన్నారు?" అని ఎన్నిసార్లు విసుక్కుందో. పెళ్లికో పేరంటానికో బయల్దేరేటప్పుడు చొక్కా తానుగా తీసుకోడు. "నువ్వే తీసివ్వు," అంటాడు. తన మీద ఎంత ప్రేమో అని మురిసిపోయి, ఆ సంగతి బట్టలు కుట్టించుకోవడానికి వచ్చేవాళ్లందరికీ చెప్పుకుంది.

మెడలోని కొలత టేపుతోపాటు దారపు రీళ్ల సంచీ వేలాడుతోంది. అందులోంచి రెండు రీళ్లు తీసి అరచేతిలో పెట్టుకుంది. ఒకటి పసుపు, ఒకటి లేతాకు.

"వీటిలో పసుపుపచ్చది తీసుకోండి. అంతే."

అతను ఆ చేతివంక చాలాసేపు చూశాడు. తన చెయ్యి ఎత్తలేదు. చివరికి వరండా మెట్టు మీద కూలబడ్డాడు.

"రెండూ ఒకటే," అన్నాడు. "నాకు రెండూ ఒకటే. పుట్టినప్పట్నించీ."

దూరంగా చెరువుల్లో నీళ్లు చిలుకుతున్న ఏరియేటర్ల హోరు వినిపిస్తోంది. ఆమె అతని పక్కన కూర్చుంది. ఇద్దరి మధ్యా కంచంలో అన్నం ఎండిపోతోంది.

"నాకెందుకు చెప్పలేదు?"

"ఏమని చెప్పను? రొయ్యలు పెంచేవాడికి నీళ్ల రంగు తెలియదని చెప్పుకోనా? మా నాన్నకి తెలిసుంటే నన్ను చెరువు గట్టే ఎక్కనిచ్చేవాడు కాదు."

"వదినకి తెలుసా?"

"అక్కకి తప్ప ఎవరికీ తెలియదు. పొద్దున్నే గొట్టం ఎత్తిపట్టుకుని అంకె చెప్పేది. నేను రాసుకునేవాణ్ణి. ఎవరైనా వస్తున్న అలికిడైతే ఆగిపోయేది."

ఆ వచ్చేది తానే. ఎనిమిదేళ్లు టీ గ్లాసులు పట్టుకుని వచ్చింది తానే. వాళ్లు ఆపేసిన మాటలు తన గురించి కావు. ఆ మాటలన్నీ ఉత్త అంకెలు.

"మరి వెళ్లిపోతుంటే ఎందుకు ఆపలేదు?"

"ఆపితే ఎందుకాపానో చెప్పాలి కదా," అన్నాడు అతను.

టైలరమ్మకు కోపం రావలసిన చోట కోపం రాలేదు. తమ్ముడి పరువు పోకుండా ఒక మనిషి ఇన్నేళ్లు నోరు కట్టేసుకుంది. ఆ మౌనానికి తాను పెట్టిన పేరు పెత్తనం.

పెరట్లో ట్రాక్టరు ఇంజను మోగింది. ఆమె దిగ్గున లేచింది.

"ఆ బండి ఆపించండి."

"సున్నం పడకపోతే పెంకులు..."

"నాకు తెలియదు. మీకూ తెలియదు. తెలిసినావిడని అడిగేదాకా గుప్పెడు సున్నం కూడా పడకూడదు."

"అక్కకి ఫోన్ చేస్తావా? ఏ ముఖం పెట్టుకుని చేస్తావు?"

"నాకున్న ముఖం ఇదొక్కటే. మాట జారింది నేనే కదా."

పెరట్లో ఇంజను చప్పుడు ఆగింది. మూడోసారి మోగాక ఫోన్ అవతల ఎత్తారు. వెనకాల కుళాయి నీళ్లు తొట్టిలో పడుతున్న చప్పుడు.

"వదినా, నేను."

"చెప్పు."

"మూడో చెరువు గొట్టం ఆకుపచ్చగా ఉంది."

కుళాయి చప్పుడు ఆగింది. "ఎవరు చూశారు?"

"నేనే. ఆయన... ఆయన నాకు చెప్పారు వదినా. అంతా చెప్పారు."

ఫోన్ కట్టయిందేమోనని టైలరమ్మ తెరవంక చూసుకుంది.

"చెప్పాడా," అంది వదిన నెమ్మదిగా. నెత్తిమీది బిందెను ఎవరో అందుకుని దింపినప్పుడు వచ్చే నిట్టూర్పు లాంటిది వినబడింది. మరుక్షణం గొంతు మారిపోయింది. "ఎంత ఆకుపచ్చ?"

"అట్టమీద అయిదో గడి. నాలుగోది చిలకపచ్చ, అది కాదు. ఇది అరిటాకు. అదీ లేతది కాదు."

"దారాలు చూసే కన్ను కదా, నమ్ముతాను. సున్నం గాని చల్లారా?"

"బండి బయల్దేరబోతుంటే ఆపాను."

"బతికించావు. అమోనియా ఉన్న నీళ్లలో సున్నం పడితే అది ఇంకా ఘాటెక్కుతుంది. అందులోనూ మిట్టమధ్యాహ్నం. సాయంత్రానికి ఏరుకోవడం తప్ప ఏమీ మిగిలేది కాదు. సరే, విను. మేత పూర్తిగా ఆపండి. ఏరియేటర్లు ఒక్కటి కూడా ఆగకూడదు. బెల్లపు మడ్డి డబ్బాలు మేతగదిలో అడుగు అరలో ఉంటాయి, నీళ్లలో పలచగా కలిపి చల్లితే మంచి సూక్ష్మజీవులు పెరిగి విషాన్ని తినేస్తాయి. కానీ దానికి టైము పడుతుంది. ముందు నీళ్లు మార్చాలి. తేటచెరువు తూము ఎత్తి అందులోంచి మూడో దానిలోకి వదలండి. మురికినీళ్లు తేటచెరువు అవతలి కొసలోకి తోడండి. కాలవలోకి మాత్రం ఒక్క చుక్క పోకూడదు. ఈ వారం కింది చెరువులవాళ్లు అందులోంచే నీళ్లు పెట్టుకుంటున్నారు."

"వదినా, మీరు..."

"వస్తున్నాను. నేను రాకుండా ఎలా ఉంటాననుకున్నావు?"

టైలరమ్మ కళ్లు ఒత్తుకుంది. తాళాల గుత్తి తీసుకుని, చీర కుచ్చెళ్లు ఎగదోపుకుని, పెళ్లయిన ఎనిమిదేళ్లలో మొదటిసారి పనికోసం చెరువుగట్టు ఎక్కింది.

మూడో చెరువులో అప్పటికే ఒక మనిషి ఉన్నాడు. మోకాలిలోతు నీళ్లలో దిగి, అడుగు బురదలో ఇరుక్కుని ఆగిపోయిన ఏరియేటరు చక్రాన్ని విడిపిస్తున్నాడు. మేత పెద్దాయన.

"నువ్వింటికి వెళ్లలేదా?" అన్నాడు వెనకే వచ్చిన ఆమె భర్త.

"మీరు పొమ్మన్నారు బాబూ. చెరువు పొమ్మనలేదు."

అతను గట్టుమీదే చెప్పులు వదిలి నీళ్లలోకి దిగాడు. చక్రానికి రెండోవైపు చెయ్యి వేశాడు. ఇద్దరూ కలిసి ఒక ఊపు ఊపేసరికి అది కదిలి నీళ్లు చిమ్మింది. ఇద్దరి ముఖాలూ తడిసిపోయాయి.

"తప్పు నాది," అన్నాడు అతను, ముఖం తుడుచుకోకుండానే. "నీళ్లు నేను సరిగ్గా చూడలేదు. నీ చెయ్యి సరైనదే పెద్దాయనా. నన్ను క్షమించాలి."

పదిహేనేళ్లలో పెద్దాయనను ఎవరూ క్షమించమని అడగలేదు. "ముందు తూము చెక్కలు తీద్దాం పదండి," అని గట్టెక్కాడు. నాలుగడుగులు వేశాక వెనక్కి తిరిగి, "తాళాలు అమ్మ దగ్గరే ఉన్నాయి కదా, రాత్రికి నేను తీసుకుంటాను," అన్నాడు.

గట్టు వారన రొయ్యలు మీసాలు పైకెత్తి వరసగా ఈదుతున్నాయి. కొన్ని అప్పుడే పక్కకు ఒరిగిపోయాయి. టైలరమ్మ బుట్ట తీసుకుని చచ్చినవాటిని ఏరసాగింది. ఒక్కొక్కటీ వేలెడంత ఉంది. ఇంకో ఇరవై రోజులాగితే పట్టుబడికి వచ్చేవి.

తూము ఎత్తగానే తేటచెరువు నీళ్లు గలగలమంటూ దిగాయి. ఆ చెరువు తవ్వించమని పట్టుబట్టింది కూడా వదినే. రొయ్యలు వెయ్యని చెరువు ఎందుకని ఆ రోజుల్లో ఇంట్లో పెద్ద రభస. వాడిన నీళ్లు ఒక కొసన పడితే, నాచు మధ్యనుంచి, చేపల మధ్యనుంచి మెల్లగా నడిచి, రెండో కొసకు చేరేసరికి తేరుకుని ఉంటాయి. మళ్లీ వాడుకోవచ్చు. అదే లేకపోతే ఇవాళ మంచినీళ్లకు ఎక్కడికి పోయేవాళ్లో ఊహించడానికే ఆమెకు భయం వేసింది.

చిక్కు ఇంకోచోట వచ్చింది. మంచినీళ్లు దిగుతున్నాయి గానీ మురికినీళ్లు పోవడం లేదు. ఉన్నది ఒక్కటే చిన్న పంపు. నీటిమట్టం గట్టు పెదవి దాకా వచ్చేసింది.

అతను కాలవ వైపు తూము దగ్గరకు వెళ్లి నిలబడ్డాడు. ఒక్క చెక్క లేపితే చాలు, గంటలో నీళ్లు దిగిపోతాయి.

"ఏమండీ," అంది టైలరమ్మ.

"తెలుసు," అన్నాడు అతను. చేతులు చెక్క మీదే ఉన్నాయి. కింద కాలవ పొడవునా అటువైపు చెరువులు, వాళ్ల పంపులు, వాళ్ల పిల్లరొయ్యలు. "తెలుసు. అక్క చెప్పింది." కాసేపటికి చేతులు తీసి, తేటచెరువు తూమునే సగానికి దించాడు. "పోతే మనవి పోతాయి. వాళ్లవి ఎందుకు పోవాలి?"

సరిగ్గా అప్పుడే గట్టుదారిలో హేచరీ వ్యాను దుమ్ము రేపుకుంటూ వచ్చింది. నడుపుతున్నది టైలరమ్మ అన్నయ్య. రొయ్యపిల్లల్ని చెరువులకు చేరవేసే ఆ వ్యాను తోలడం అతని ఉద్యోగం. వెనక తలుపు తీసి పెద్ద పంపు, పాముచుట్టలా చుట్టిన గొట్టం కిందికి దింపాడు.

"ఇది కూడా వెయ్యమని చెప్పారు మేడం," అన్నాడు చెల్లెలితో.

ఆ మేడం, వదిన, ముందుసీటులోంచి దిగింది. అదే నేతచీర, అదే ముడి. చేతిలో కొత్త పరీక్షపెట్టె. తమ్ముడివంక ఒక్క చూపు చూసింది. అతను తల దించుకున్నాడు. ఆమె నేరుగా నీళ్ల దగ్గరకు వెళ్లి, వంగి, ఒక రొయ్యను పట్టుకుని మొప్పలు తెరిచి చూసింది.

"ఇంకా నల్లబడలేదు. టైముకే చూశారు," అంది. "డ్రైవరుగారూ, గొట్టం ఇటు లాగండి."

టైలరమ్మకు ఆ పిలుపు కొంచెం వింతగా తోచింది. వరస కలిసిన మనిషి, పైగా ఎన్నాళ్లనుంచో ఎరిగిన మనిషి. బావా అనవచ్చు, పేరు పెట్టి పిలవవచ్చు. డ్రైవరుగారేమిటి? కానీ ఆ హడావుడిలో ఆ ఆలోచన నిలవలేదు.

ఎండ వాలేదాకా ఎవరూ కూర్చోలేదు. బెల్లపు మడ్డి చేతులకూ చీరలకూ అంటుకుని జిగురు జిగురుగా తయారైంది. గంటకొకసారి వదిన గొట్టం ఎత్తిపట్టుకునేది. కానీ అంకె చెప్పేది కాదు.

"నువ్వు చెప్పు," అనేది టైలరమ్మతో.

"అయిదు."

"నీడలో చూడకు, ఎండకు వీపుపెట్టి చూడు. ఇప్పుడు?"

"అయిదుకీ నాలుక్కీ మధ్య."

"ఆ. అదీ లెక్క."

పొద్దు కుంకుతుండగా గట్టు వెంట తిరిగే రొయ్యలు ఒక్కొక్కటే అడుగుకు దిగిపోవడం మొదలుపెట్టాయి. ముందుగా చూసింది మేత పెద్దాయన. వేలెత్తి చూపించాడు. చచ్చినవి ఒక బుట్ట. బతికినవి చెరువంత.

"రెండుమూడు రోజులు కాచుకోవాలి," అంది వదిన. "గండం గడిచిందని మాత్రం అనుకోవచ్చు."

వెనక వరండాలో టీ తాగుతూ కూర్చున్నారు. ఈసారి నలుగురికీ టీ తెచ్చింది అతను. చక్కెర వెయ్యడం మరిచిపోయాడు. ఎవరూ ఆ మాట అనలేదు.

"వదినా," అంది టైలరమ్మ. "ఆ రోజు నేనన్న మాట..."

"అదా. నిజమే అన్నావు కాబట్టి అంత కోపం వచ్చింది. అబద్ధమైతే ఆ పూటే నిన్ను కడిగేసేదాన్ని." వదిన నవ్వింది. "వీడికి ఏడేళ్లప్పుడు మా నాన్న తోటలోకి పంపి పండుమిరపకాయలు కొయ్యమంటే, పచ్చివీ పండువీ కలిపి గంపెడు కోసుకొచ్చాడు. కావాలనే చేశాడని చింతబరికె విరిగేదాకా కొట్టాడు. ఎందుకిలా చేశావురా అని రాత్రి అడిగితే, రెండూ ఒకలాగే ఉన్నాయక్కా అని ఏడ్చాడు. ఆ మర్నాటినుంచి వీడి పక్కన నిలబడ్డాను. అంతే. నిలబడడమే అలవాటైపోయింది."

అతను గ్లాసు కింద పెట్టాడు.

"అక్కా, నువ్వు అంకె చెబుతుంటే రాసుకోవడం తప్ప, నీకు ఇంకే పనన్నా ఉందా అని నేనెప్పుడూ అడగలేదు."

"ఇప్పుడడుగు."

"ఇప్పుడు అడిగేదేంటంటే, తిరిగి వచ్చెయ్యి. పుస్తకంలో నీ పేరే రాద్దాం. ఎవరు చూసినా నాకు సిగ్గు లేదిప్పుడు."

వదిన కళ్లు చెమర్చాయి. కానీ తల అడ్డంగా ఊపింది.

"అక్కడ పొద్దున్నే ఆరుగురు నా కోసం ఎదురుచూస్తుంటారురా. మేడం, నీళ్లు చూసి చెప్పండి అంటారు. గట్టిగా చెబుతాను, ఎవరూ వినకూడదన్న భయం లేకుండా. ఎంత బాగుంటుందో నీకు తెలియదు." మరదలి భుజం మీద చెయ్యి వేసింది. "ఇక్కడ ఈ అమ్మాయి ఉంది. నా కన్నా సన్నగా చూస్తుంది. నాలుక్కీ అయిదుకీ మధ్య అని నేనెప్పుడూ చెప్పలేదు."

"నాకు రాదు వదినా."

"వచ్చింది కదా ఇవాళ."

టైలరమ్మ ఎనిమిదేళ్లు ఏ పలక దగ్గరకు తనను రానివ్వలేదని ఉడుక్కుందో, ఆ పలకను వదిన స్వయంగా తనకు అప్పజెబుతోంది. వంగి ఆమె పాదాలు తాకబోతే, వదిన మధ్యలోనే పట్టుకుని లేపేసింది. "చేతికున్న బెల్లం మడ్డి కడుక్కున్నావా?" అంది. ఇద్దరికీ నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి.

ఇంకా కాస్త వెలుతురు ఉండగానే వ్యాను బయల్దేరదీశారు. పంపు ఇక్కడే వదిలి, ఖాళీ డబ్బాలను అన్నయ్య తాళ్లతో కడుతున్నాడు. వదిన గేటు దగ్గర ఆగిపోయింది. చీరకొంగు అంచు పట్టుకుని మడతలు పెడుతోంది.

"అమ్మాయ్, ఒక మాట. అడగడానికి నువ్వు తప్ప నాకెవరూ లేరు."

"అడగండి వదినా."

"డ్రైవరుగారు మొన్న నన్నొక మాట అడిగారు."

"మా అన్నయ్యా? ఏమడిగాడు?"

వదిన ఎదురుగోడ మీద ఏదో రాసి ఉన్నట్టు అటు చూస్తూ నిలబడింది.

"వంట వచ్చా అని మాత్రం అడగలేదు. మిగిలిన రోజులు నాతో ఉంటారా అని అడిగారు."

టైలరమ్మ గేటు ఊచ పట్టుకుంది. ఆరేళ్లయింది అన్నయ్య భార్య పోయి. ఆ ఆరేళ్లలో అతను నవ్వగా చూసింది చాలా తక్కువ. ఇవాళ మధ్యాహ్నం గొట్టం లాగుతూ, బురదలో జారిపడి, లేచి నవ్వాడు. అప్పుడు పక్కన ఉన్నది ఎవరో ఇప్పుడు గుర్తుకొచ్చింది.

"మీరేమన్నారు?"

"పరీక్ష చేసి చెబుతానన్నాను." నవ్వబోయి ఆపుకుంది వదిన. "నవ్వులాట కాదమ్మాయ్. ఇరవయ్యేళ్ల కిందట వచ్చిన సంబంధాలన్నీ నేనే వద్దన్నాను. ఎందుకో నీకు ఇవాళ తెలిసింది కదా. ఇప్పుడు వద్దనడానికి కారణం వెతుకుతుంటే దొరకడం లేదు. అదే భయంగా ఉంది."

"దొరక్కపోతే వెతకడం మానెయ్యండి."

"మరి ఒప్పుకుంటే నువ్వు నన్ను ఏమని పిలుస్తావు?"

టైలరమ్మ వరసలు కలుపుకుంది. భర్త అక్క వదిన. అన్న భార్యా వదినే.

"ఎటునుంచి చూసినా వదినే," అంది. "ఒక కుట్టు నేనే తెంపుకున్నాను. దేవుడు ఇంకో కుట్టు వేస్తానంటే వద్దంటానా?"

వదిన ఆమె చెయ్యి గట్టిగా పట్టుకుంది. "తమ్ముడికి ఇప్పుడే చెప్పకు. ఇవాళ్టికి వాడు మోసింది చాలు. మెల్లగా..."

మాట మధ్యలో ఆగిపోయింది. టైలరమ్మ వెనక్కి తిరిగింది. ఖాళీ టీ గ్లాసు చేతిలో పట్టుకుని భర్త మూడడుగుల దూరంలో నిలబడి ఉన్నాడు. ఎప్పుడు వచ్చాడో, ఎక్కడినుంచి విన్నాడో తెలియదు. అక్క ముఖం వంక చూశాడు. భార్య ముఖం వంక చూశాడు. గ్లాసు గోడమీద పెట్టి, గేటు దాటి, వ్యాను వైపు నడిచాడు.

అన్నయ్య తాడు ముడి వేస్తున్నవాడల్లా తలెత్తి, బావ వస్తున్న తీరు చూసి, ముడి వదిలేసి నిటారుగా నిలబడ్డాడు.

ఇద్దరూ ఎదురెదురుగా నిలబడ్డారు. ముందు టైలరమ్మ భర్తే నోరు తెరిచాడు. ఏమంటున్నాడో గేటు దాకా వినబడడం లేదు. అన్నయ్య తల వంచుకుని వింటున్నాడు. అంతలో భర్త వంగి, అన్నయ్య వదిలేసిన తాడు కొస అందుకుని, తానే ముడి బిగించాడు.

ఆడవాళ్లిద్దరూ పట్టుకున్న చేతులు విడవకుండా అలాగే నిలబడిపోయారు.